కొంగున కట్టిన ముద్ర

సోమవారం, ఆగస్టు 11

తెల్లవారి నమాజు అయ్యాక చాప మీదే కూర్చుని అల్లాకి చెప్పుకోవలసినవన్నీ చెప్పుకున్నాను. అయినా కొన్ని మాటలు మిగిలిపోయాయి. ఆయన దాకా తీసుకెళ్ళేటంత పెద్దవి కావు, మనుషులకి చెప్పేటంత చిన్నవీ కావు. వాటి కోసం ఈ పుస్తకం.

రోహీని రేడియోకి పిలిచారు. నా సవతిని! గురువారం సాయంత్రం చర్చకి. మన దేశం ఎందుకు ముందుకు పోవడం లేదో చెప్పాలట. దేశం సంగతి చెప్పడానికి రాజధాని బంజుల్‌లో అంతమంది ఉండగా మా ఇంటి నుంచి మనిషి కావలసి వచ్చింది.

ఇదంతా ఇసుక గట్టు వల్ల. పోయిన నెల ఇసుక తవ్వే కంపెనీ వాళ్ళు వచ్చి గట్టు మీద మేకులు పాతుతుంటే మేమంతా నాట్లు వదిలేసి నోళ్ళు తెరుచుకుని చూశాం. రోహీ ఒక్కతే బురద కాళ్ళతో గట్టెక్కి, "ఎవరిచ్చారు మీకిది?" అని అడిగింది. "మీ ఊరిపెద్దే" అన్నారు వాళ్ళు. ఆ కబురు పట్నం దాకా పోయింది.

గట్టుకి అవతల వాగు, ఉప్పు. ఇవతల మా వరిమళ్ళు, తీపి. ఇసుక తవ్వితే ఉప్పు లోపలికొస్తుంది. మా ఊరు కేర్ మొదులో పాలు మానిన ఆడపిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. మగవాళ్ళకే తెలియదు, ఎందుకంటే వాళ్ళెవరూ మళ్ళలోకి దిగరు. వాళ్ళ పంట వేరుశనగ, అది మెట్ట మీద పండుతుంది. ఊరిపెద్ద మాతార్ జోబ్ కాగితం మీద ముద్ర వేస్తే గట్టు పోయినట్టే. ఇంకా వెయ్యలేదు. అల్లా దయ.

మాతార్ జోబ్ రోహీకి సొంత పెదనాన్న.

పొద్దున ముంగిట్లో రోహీ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"తిండిపోతు న్జాయ్ గారూ, రేడియోకి మీ నీలం గౌను ఇస్తారా?"

"రేడియోలో గౌను కనపడదే."

"నాకు కనపడుతుందిగా. నీ బానిస ముఖం రోజూ చూస్తున్న ఆ గౌను మీద నాకు జాలేస్తోంది!"

"బానిసవి నువ్వు" అన్నాను.

మా పుట్టింటి న్జాయ్‌లకీ రోహీ పుట్టింటి జోబ్‌లకీ తాతల కాలం నుంచి వేళాకోళం వరస. ఒకళ్ళనొకళ్ళు బానిసలనాలి, తిండిపోతులనాలి. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఓడిపోయినట్టు. జోబ్ పిల్ల సవతిగా వస్తోందని నేను ఏడుస్తుంటే మా అత్తగారు, అల్లా ఆవిణ్ణి చల్లగా చూడాలి, "పిచ్చిదానా, ఇంతకన్నా మంచి సవతి ఎక్కడ దొరుకుతుంది? రోజంతా తిట్టుకోవచ్చు, రాత్రికి పోట్లాట మిగలదు" అంది. నిజమే, మిగల్లేదు. కాని నాకా నోరు లేదు. నేను ఒకటి అనే లోపల రోహీ నాలుగంటుంది.

గౌను ఇచ్చాను. అది నాకు భుజాల దగ్గర బిగుతవుతోంది, అందుకే ఇచ్చాను.

గురువారం, ఆగస్టు 14

సాయంత్రం అసర్ నమాజు కాగానే రేడియోని వంటింటి గుమ్మం మీద పెట్టాను. పిల్లలు అడిగారు కాబట్టి పెట్టాను.

చర్చ నడిపేది సులేమాన్ బా అనే అతను. రోహీతో పాటు ఒక రిటైరైన హెడ్మాస్టరు, ఒక పార్టీ కుర్రాడు ఉన్నారు. హెడ్మాస్టరుది ఖంగుమనే గొంతు. కొత్త రాజ్యాంగం రానిదే ఏదీ మారదన్నారు. కుర్రాడు ఒప్పుకోలేదు.

"కాగితం మారితే ఏమొస్తుంది సార్? తినేవాళ్ళు మారాలి. పాత తిండిపోతులు పోయారు, కొత్త తిండిపోతులొచ్చారు."

"మరి మీ పార్టీ వాళ్ళు ఉపవాసాలు చేస్తున్నారా నాయనా?" అన్నారు హెడ్మాస్టరు. సులేమాన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

అప్పుడు రోహీ గొంతు వచ్చింది.

"సార్, ఆ రాజ్యాంగంలో మా మడి ఉందా?"

"మడి అంటే?"

"వరిమడి సార్. మా నాయనమ్మ చేసింది, మా అమ్మ చేసింది, ఇప్పుడు నేను చేస్తున్నా. అది మాదని ఎక్కడన్నా ఉందా?"

"అది... ఆచారం కిందికి వస్తుందమ్మా."

"ఆచారం కింద అంటే మగవాళ్ళ చేతి కింద. అంతేగా సార్?"

హెడ్మాస్టరు ఏదో అనబోయారు. రోహీ ఆగలేదు. గొంతు పెంచనూ లేదు.

"దేశం ఎందుకు ముందుకు పోలేదని అడిగారు. మీరిద్దరూ దేశాన్ని బంజుల్‌లో వెతుకుతున్నారు. మా ఊరి అరుగు మీద కొంతమంది కూర్చుని మాట్లాడతారు. వాళ్ళకి అన్నం పండించినవాళ్ళు వెనకాల నిలబడి వింటారు. వినపడకపోతే ఇంటికి పోతారు. బంజుల్‌లోనూ ఇంతే. అరుగు కాస్త పెద్దది."

ఆ గొంతు నాకు తెలిసిందే. బియ్యం ఏరుతూ నన్ను తిండిపోతు అనే గొంతే. అది రేడియోలోంచి వస్తుంటే ఎందుకో లేచి తలగుడ్డ సర్దుకున్నాను, ఎవరో పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చినట్టు.

ఫోన్లు వచ్చాయి. ఒకాయన "ఎవరి కూతురమ్మా నువ్వు?" అని మెచ్చుకుంటూ అడిగాడు. ఇంకొకాయన "ఎవరి కూతురివే నువ్వు?" అన్నాడు. ప్రశ్న ఒకటే.

అన్నం అడుగంటింది. మంట ఎక్కువైంది, అంతే. ఈసారి కట్టెలు బాగా ఎండినవి.

శుక్రవారం, ఆగస్టు 15

జుమ్మా నమాజు నుంచి వస్తూ మాతార్ జోబ్ మా గుమ్మం ముందు ఆగలేదు. ఎప్పుడూ ఆగి నన్నొక తిట్టు తిట్టి పోయేవాడు.

ఆదివారం, ఆగస్టు 17

మా ఆయన బిరామ్ స్నేహితులతో వేపచెట్టు కింద టీ కాచుకుంటున్నాడు. మొదటి విడత చేదుగా, రెండోది ఘాటుగా, మూడోది తియ్యగా. మాటలూ అలాగే మారతాయి. మొదటి గ్లాసుకి ప్రభుత్వాన్ని దింపేశారు. రెండో గ్లాసుకి కరెంటు, చేపల ధర, దొంగ పాస్‌పోర్టులు అయ్యాయి. మూడో గ్లాసు వచ్చేసరికి మా ఇంటి మీదికొచ్చారు.

"బిరామ్, నీ పెళ్ళాం ఎన్నికల్లో నిలబడుతోందా ఏంటి?"

"నిలబడితే ఓటు వెయ్యవేంటి?"

"వేస్తాలే. ముందు నువ్వు ఇంట్లో గెలువు."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు గాని, తర్వాత లోపలికొచ్చి, "యాసిన్, దానికి కాస్త నువ్వు చెప్పు. పెదనాన్నతో పెట్టుకుంటే రేపు మనకి ఊళ్ళో ఏ పనీ జరగదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. గాలి ఎటు వీస్తే అటు కూర్చుంటాడు, పొగ కళ్ళల్లో పడకుండా.

చెప్పడానికే రోహీ గదికి వెళ్ళాను. చిన్నదానికి జడలు అల్లుతోంది.

"పెద్దవాళ్ళు ఆలోచించే చేస్తారు కదే" అన్నాను.

"అక్కా, గట్టు పోతే ఆ పెద్దవాళ్ళు మనకి ఎక్కడ మడి ఇస్తారు?"

"అల్లా చూపిస్తాడు."

"అల్లా గట్టు చూపించాడుగా. దాన్ని మనం లారీలో ఎక్కిస్తుంటే ఇంకోటి చూపిస్తాడా?"

జడ రెండో పాయ అందుకుని అల్లాను. పిల్ల తల కదిపేస్తోంది, ఒక్కతి వల్ల కాదు.

మధ్యాహ్నం పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు చేప ముక్కలు విడదీసింది నేనే. పిల్లల వైపు తోశాను. ఆయన వైపు తోశాను. రోహీ వైపు తొయ్యలేదు. ముళ్ళు ఎక్కువున్నాయి.

గురువారం, ఆగస్టు 28

ఇవాళ రేడియోకి ఊరిపెద్దనే పిలిచారు. రోహీనీ పిలిచారు. పెదనాన్నా కూతురూ ఒకే బండిలో పట్నం వెళ్ళారు, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకుండా.

నేను ఆయన మాటల్లో ఏదో ఒక తప్పు దొరుకుతుందని వింటూ కూర్చున్నాను. దొరకలేదు. ఆయన బాగా మాట్లాడాడు. ఇంత బాగా మాట్లాడతాడని నాకు తెలియదు.

"నా కూతురు ధైర్యస్థురాలు. నాకు గర్వంగా ఉంది" అన్నాడు ముందు. "కాని మా ఊరి కుర్రాళ్ళు ఎంతమంది పని వెతుక్కుంటూ సముద్రం మీద పడవలెక్కిపోయారో దానికీ తెలుసు. నా చిన్నకొడుకు కూడా పోయాడు. ఫోను రాలేదు, కబురు రాలేదు. ఇసుక తవ్వితే పని ఉంటుంది. చేతిలో పార ఉన్నవాడు పడవ పట్టుకోడు. బడికి కప్పు వేయిస్తామన్నారు. బియ్యం సంచి అంగట్లో కొనుక్కోవచ్చు. కొడుకుని ఎక్కడ కొనుక్కోవాలి?"

వంటింట్లో నా కళ్ళు చెమర్చాయి. ఇంత పెద్ద మనిషి రేడియోలో తన కడుపుకోత చెప్పుకున్నాడు.

సులేమాన్ మెల్లిగా, "రోహీ, ఏమంటారు?" అన్నాడు.

"పెదనాన్నా" అంది రోహీ.

అంతే. ఆ తర్వాత మాట రాలేదు. గాలి శబ్దం ఒక్కటే వినపడింది. ఇంకొకసారి "పెదనాన్నా" అంది. సులేమాన్ పాట పెట్టేశాడు.

చెప్పడానికి మాట లేక కాదు. దాని దగ్గర మాట ఉందని నాకు తెలుసు. కాని ఊరూరా వింటుండగా తండ్రి స్థానంలో ఉన్నవాడి మాట కొట్టెయ్యడం ఏ ఆడపిల్ల వల్ల అవుతుంది? ఆయన భుజం మీద ఎక్కి తిరిగిన పిల్ల అది. మా పెదనాన్న అయితే నా వల్లా కాదు.

ఆయన నాకు పెదనాన్న కాడు.

శనివారం, ఆగస్టు 30

రోహీ మడికి వెళ్ళింది, వచ్చింది. నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. ఇల్లు చాలా పెద్దగా ఉంది.

మంగళవారం, సెప్టెంబర్ 2

పక్కింటివాళ్ళ బిడ్డకి పేరు పెట్టారు. అందరం వెళ్ళాం. పెద్దలు కుర్చీల్లో, మధ్యలో మాతార్ జోబ్. నేను అలసందల గారెల పళ్ళెం పట్టుకుని ఆయన ముందు ఆగాను. మనసులో బిస్మిల్లా అనుకుని, గొంతు పెంచి అన్నాను:

"జోబ్ మామా, ఇవి తినకు. అలసందలు తిని తిని జోబ్‌లకి విసుగొచ్చిందట కదా, ఇప్పుడు ఇసుక తింటున్నారట. పళ్ళు జాగ్రత్త!"

ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తర్వాత పందిరి కూలిపోయేట్టు నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మాతార్ జోబే. "ఓరి దేవుడా, మా న్జాయ్‌కి నోరొచ్చింది! ఇన్నాళ్ళకి!" అని జేబులోంచి మర్యాదకి ఇచ్చే కోలా కాయ తీసి నా చేతిలో పెట్టాడు. ఆడవాళ్ళు నా వీపు తట్టారు. రోహీ కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

పొంగిపోయి ఇంటికొచ్చాను. కోలా కాయ కొరికితే చేదు తగిలింది. అప్పుడు తెలిసింది. నేనన్న మాట అందరికీ చేరింది, ఎవరికీ తగల్లేదు. నవ్వులో కొట్టుకుపోయింది. మేకులు గట్టు మీద ఉన్నచోటే ఉన్నాయి.

శుక్రవారం, సెప్టెంబర్ 5

నిన్న ప్రవక్త పుట్టిన రోజు. ఇవాళ పొద్దున మసీదు వాకిలి ఊడుస్తుంటే జబు ముసలమ్మ చీపురు పక్కన పెట్టి నా దగ్గర కూర్చుంది. మా ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఆవిడే. పళ్ళు లేవు గాని మాటకి పదునుంది.

"మొన్న బాగా నవ్వించావట."

"ఏం లాభం అత్తా? నవ్వి ఊరుకున్నారు."

"నవ్వించడానికి నువ్వెందుకు, కోతి చాలదా? వేళాకోళం వరస అంటే నోరొక్కటే అనుకుంటున్నావా? రోహీ నాన్న చచ్చిపోయిన రోజు గుర్తులేదా నీకు?"

గుర్తుంది. శవాన్ని ఎత్తబోతుంటే మా బాబాయి, ముసలి న్జాయ్, గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. "నా బానిస నన్నడక్కుండా ఎక్కడికి పోతున్నాడు? విడుదల ఇస్తేగాని కదలనివ్వను" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. మాతార్ జోబ్ వచ్చి తన చేత్తో కోలా కాయలిచ్చి తమ్ముణ్ణి విడిపించుకున్నాడు. అప్పటిదాకా శవం కదల్లేదు. ఇమాము గారు కూడా ఆగారు.

"న్జాయ్ పట్టుకుంటే జోబ్ విడిపించుకోవాల్సిందే. గుంజుకోకూడదు, కోప్పడకూడదు" అంది జబు అత్త. "విడిపించే చెయ్యి కూడా జోబ్‌దే కావాలి. పరాయివాడు విడిపిస్తే ఆ జోబ్ పరాయివాడి సొత్తయిపోతాడు. మీ కాలం పిల్లలకి తిట్లు మిగిలాయి, పట్టు పోయింది."

చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. నేను సగం వాకిలే ఊడ్చానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఆదివారం, సెప్టెంబర్ 7

ముద్ర వచ్చే శుక్రవారం వేస్తారట. జుమ్మా తర్వాత, అరుగు మీద, అందరి ముందు.

గురువారం, సెప్టెంబర్ 11

నా వల్ల కాదు.

శుక్రవారం, సెప్టెంబర్ 12

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అరుగు మీద చాప పరిచారు. చాప మీద కాగితాలు, సిరా డబ్బా, ఊరి ముద్ర. చెక్క పిడి నల్లబడిపోయిన పాత ముద్ర. కంపెనీ మనిషి చెప్పులు విప్పకుండా చాప అంచున కూర్చున్నాడు. ఈ దేశంవాడే, మాటలో పట్నం యాస ఉంది. మగవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. మేం వెనకాల నిలబడ్డాం. రోహీ గోడకి ఆనుకుని ఉంది, కళ్ళు నేల మీద.

అతిథులకి నీళ్ళివ్వాలి. సొరకాయ బుర్రతో నీళ్ళు తీసుకుని నేను ముందుకి వెళ్ళాను. దారి పొడుగునా కాపాడమని ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదువుకున్నాను. మాతార్ జోబ్‌కి నీళ్ళిచ్చాను. తాగాడు. బుర్ర తీసుకుంటూ ముద్ర కూడా తీసుకుని నా చుట్టుగుడ్డ కొంగులో పెట్టి ముడేశాను.

"ఏం చేస్తున్నావే యాసిన్?"

"నా సొత్తు నేను తీసుకుంటున్నా."

"నీ సొత్తా?"

నా గొంతు చిన్నది. ఎప్పుడూ చిన్నదే. కాని అందరూ మాటలాపేశారు కాబట్టి అది చాలింది. "జోబ్‌లు ఎవరి బానిసలు?" అన్నాను.

వెనక నుంచి జబు అత్త గొంతు: "న్జాయ్‌ల బానిసలు!"

"అబద్ధం! న్జాయ్‌లే జోబ్‌ల బానిసలు! అలసందల కుండకి అమ్ముడుపోయారు!" మగవాళ్ళ కేకలు. నవ్వులు.

"బానిస సొత్తు యజమానిది" అన్నాను. "ముద్ర నాది. గట్టు నాది. ఈ ముసలి బానిస నన్నడక్కుండా అమ్మేస్తున్నాడు. నేనమ్మను."

మాతార్ జోబ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే తల్లీ, సరే. విడుదలకి ఏం కావాలి? కోలా కాయలా? కోడిపుంజా? న్జాయ్‌ల ఆకలి నాకు తెలీదా!"

"నాతో మడిలోకి దిగు. గట్టుకి అటు నీళ్ళు నాలుక మీద వేసుకో, ఇటు నీళ్ళు వేసుకో. ముద్ర ఇచ్చేస్తా."

"ఈ వయసులో బురదలోకి దింపుతావా?"

"బానిసకి వయసేంటి?"

మళ్ళీ నవ్వారు గాని, ఈసారి ఆడవాళ్ళు నవ్వలేదు. ఆయన దాన్ని గమనించాడు. గడ్డం నిమురుకుంటూ నా కొంగు ముడి వైపు చూశాడు. పేరు పెట్టిన రోజు నేనన్న మాటలా ఇది కూడా పోతుందేమో అనుకున్నాను. ఇంకొక నవ్వుతో, ఇంకొక కోలా కాయతో.

అప్పుడు కంపెనీ మనిషి వాచీ చూసుకున్నాడు. "బాగా నవ్వించావమ్మా. ఇంక లారీలు వెయిటింగ్‌లో ఉన్నాయి. పెద్దాయన్ని నేను విడిపిస్తాలే" అని పర్సులోంచి నోట్లు తీసి నా నీళ్ళ బుర్రలో పెట్టాడు.

నవ్వు ఆగిపోయింది. దూరంగా ఎవరిదో రోకలి దంపుడు వినపడింది, అంతకు ముందు అది వినపడలేదు.

కంపెనీ మనిషి చెడ్డ ఉద్దేశంతో చేశాడని నేననను. తొందరలో ఉన్నాడు. పరాయివాడు విడిపించకూడదని ఆయన తల్లి కూడా చిన్నప్పుడు చెప్పే ఉంటుంది, మరిచిపోయాడు.

మాతార్ జోబ్ నోట్లని చూశాడు. తర్వాత మామూలు గొంతుతో అడిగాడు:

"నన్ను ఎంతకి కొన్నావు నాయనా?"

"అయ్యో పెద్దయ్యా, ఊరికే సరదాకి..."

"సరదా ఆవిడకీ నాకూ మధ్య. నీకూ నాకూ మధ్య సరదా లేదు. నీది బేరం." ఆయన లేచి నిలబడ్డాడు. "నీ డబ్బు తీసుకో. ఇవాళ ముద్ర పడదు. నా ముద్ర మా న్జాయ్ కొంగులో ఉంది. నేను వెళ్ళి విడిపించుకోవాలి."

కంపెనీ మనిషి పోలీసుల పేరెత్తాడు. "పిలు. జోబ్‌ని న్జాయ్ దోచుకుందని చెప్పు. ఏ పోలీసు నవ్వకుండా రాసుకుంటాడో నేనూ చూస్తా" అన్నాడు మాతార్ జోబ్.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. రోహీ నా వెనకాలే వచ్చింది. గుమ్మంలో నన్ను ఆపి, తన కొంగుతో నా ముఖం తుడిచింది.

శనివారం, సెప్టెంబర్ 13

ముద్ర ఎండుచేపల డబ్బాలో ఉంది. మాటిమాటికీ మూత తీసి చూడడం మానెయ్యాలి.

గురువారం, సెప్టెంబర్ 18

తెల్లవారి నమాజు అయ్యీ అవ్వగానే గుమ్మంలో దగ్గు. మాతార్ జోబ్. చేతికర్ర, మోకాళ్ళ పైకి మడిచిన పంచె.

"యజమానురాలా, బానిస వచ్చాడు. ముందు గంజి పొయ్యి. ఖాళీ కడుపుతో విడుదల కాను."

"జోబ్‌లు విడుదలకి రారు, గంజికే వస్తారు" అన్నాను. ఇప్పుడు నాకు కాస్త అలవాటయింది.

ఊరి ఆడవాళ్ళమంతా ఆయన వెనక నడిచాం. గట్టెక్కి అటు వంగాడు, వేలు ముంచి నాలుక మీద వేసుకున్నాడు, ఉమ్మేశాడు. ఇటు దిగాడు. ఒక కాలు పిక్క దాకా దిగబడింది. జబు అత్త "పడకు రోయ్, నిన్నెత్తడానికి ఎద్దుల్లేవు!" అని అరిచింది. ఇటు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. నాలుక మీద వేసుకోలేదు, తాగేశాడు.

వరి మోకాలెత్తున ఉంది. ఆయన అందులో చుట్టూ చూస్తూ నిలబడి, "మా అమ్మ మడి ఎక్కడ?" అని అడిగాడు.

రోహీ మళ్ళలోంచే అంది:

"నువ్వు నిలబడింది అందులోనే పెదనాన్నా. నేనే చేస్తున్నా."

ఆయన పాదాలు చూసుకున్నాడు, అడుగు తీసి పక్కన పెట్టాడు, మొక్క తొక్కకుండా. గట్టు మీదికి చెయ్యి పట్టుకుని లాగింది రోహీయే.

ముద్ర ఇవ్వబోతే తీసుకోలేదు. "ఉండనీ. వచ్చే వారం శుక్రవారం అరుగు మీద ఇద్దువుగాని. అందరం మాట్లాడుకున్నాక." తర్వాత వెనక్కి తిరిగి ఆడవాళ్ళందరితో, "ముందు వరసలో కూర్చోండి. వెనక నుంచి నాకు సరిగా వినపడదు" అన్నాడు.

శుక్రవారం, సెప్టెంబర్ 26

నేను ముందు వరసలో కూర్చున్నాను. చాప కొత్తది, గుచ్చుకుంది.

"పెదనాన్నా" అని మొదలుపెట్టింది రోహీ. రేడియోలో ఆగిపోయిన చోటే ఆగింది.

"చెప్పమ్మా" అన్నాడాయన.

చెప్పింది. "కొడుకుని అంగట్లో కొనుక్కోలేమన్నావు, నిజం. నీ కొడుకు నా తమ్ముడు. నేనూ ఏడ్చాను. కాని వాగు దిగువన ఉప్పెక్కిన ఊళ్ళు చూడు పెదనాన్నా. పడవలు ముందు నిండింది అక్కడి నుంచే. తల్లి గిన్నెలో అన్నం లేని ఇంట్లో పార ఇచ్చి ఎవణ్ణి ఆపగలం? ఇసుక అయిపోయిన రోజున పార కూడా ఉండదు."

ఒక కుర్రాడు లేచాడు, మా ఎదురింటి మోదౌ. కోపంగా ఉన్నాడు. "మరి మాకు పనేది అక్కా? గట్టు ఉంటుంది, వరి ఉంటుంది, మేం ఏం చెయ్యాలి?"

రోహీ ఏదైనా పెద్ద మాట అంటుందనుకున్నాను. అనలేదు. "నాకు తెలీదు తమ్ముడూ. తెలుసని ఎవరన్నా అంటే నమ్మకు. వచ్చే శుక్రవారం ఆ ఒక్క సంగతి గురించే కూర్చుందాం. నువ్వు ముందు కూర్చో. నా చోటిస్తా" అంది.

హెడ్మాస్టరు గారు రాజ్యాంగం గురించి ఎంతో చెప్పారు. అందులో ఏం రాయాలో నాకు తెలియదు. కాని 'నా చోటిస్తా' అనే ఈ మాట అందులో ఎక్కడైనా ఉంటే బాగుండుననిపించింది.

మాతార్ జోబ్ చాలాసేపు కర్రతో నేల మీద గీతలు గీశాడు. తర్వాత, "గట్టు కదలదు" అన్నాడు. కొంగు ముడి విప్పి ముద్ర ఇచ్చాను. వాసన చూసి, "ఎండుచేప కంపు. ఇంక మన ఊరి కాగితాలన్నీ చూసి న్జాయ్‌లు తినేశారనుకుంటారు" అన్నాడు.

సాయంత్రం కుర్రాళ్ళు మేకులు పీకారు. మోదౌ కూడా వెళ్ళాడు. పీకిన మేకుని వాడు చేతిలో పట్టుకుని వాగు వైపు చూస్తూ నిలబడడం దూరం నుంచి చూశాను. వాడి కోసం రెండు రకాతుల నమాజు ఎక్కువ చదివాను.

శనివారం, నవంబర్ 22

కొత్త బియ్యం. వేరుశనగ పులుసు నేనే చేశాను. ఈసారి అడుగంటలేదు.

మా ఆయన పళ్ళెం ముందు కూర్చుంటూనే, రోహీ రేడియోకి వెళ్తానంటే మొదటి నుంచీ తనే ప్రోత్సహించానని పిల్లలకి చెప్పాడు. రోహీ నా వైపు చూసింది. నేను పులుసు వైపు చూశాను.

ఆయన తిని లేచాక పిల్లలూ లేచారు. మేమిద్దరమే మిగిలాం.

"అక్కా" అంది రోహీ. గొంతులో వేళాకోళం లేదు. "ఆ రోజు నువ్వు లేకపోతే..."

ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకళ్ళతో ఒకళ్ళు తిట్టు లేకుండా మాట్లాడుకున్నది తక్కువ. ఆ మాట పూర్తయితే నేను తట్టుకోలేనని తెలిసిపోయింది.

"బానిసలు తినేటప్పుడు మాట్లాడకూడదు" అన్నాను. "తిను."

"నీ వైపు అన్నమంతా తినేసి నాకు నీతులా, తిండిపోతా?"

అమ్మయ్య అనుకున్నాను. పళ్ళెంలో మిగిలిన పెద్ద చేప ముక్కలోంచి ముళ్ళు తీసి దాని వైపు తోశాను. చూడనట్టు తినేసింది. అన్నం ఇంకొంచెం వేశాను. అదీ తినేసింది.

యా అల్లా, ఈ జోబ్‌ల ఆకలి ఎప్పుడూ తగ్గించకు. మా మళ్ళల్లో తీపి నీళ్ళూ తగ్గించకు.